పెళ్లి కాలేదు, పాప ఉంది... తండ్రిగా నాకేం హక్కుంది?

ప్రశ్న: మేడమ్, నా వయసు 32. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. కూకట్‌పల్లిలో ఒకమ్మాయితో నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. ఇంటి ఓనరుకి భార్యాభర్తలమనే చెప్పాం. కులాలు వేరు కావడంతో ఇరువైపులా ఒప్పుకోలేదు, పెళ్లి వాయిదా పడుతూ వచ్చింది. ఈలోగా పాప పుట్టింది. ఇప్పుడు రెండున్నరేళ్లు. ఆస్పత్రిలో తండ్రి పేరు నాదే రాయించాం. ఎనిమిది నెలల క్రితం గొడవై, ఆమె పాపను తీసుకుని ఒంగోలు దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. మూడు నెలలు డబ్బు పంపాను. పాపను చూపించడం లేదని ఆపేశాను. వాళ్ల పెద్దమనుషులు నాలుగు లక్షలు ఒకేసారి ఇచ్చేసి, ఇకపై పాపతో ఏ సంబంధం లేదని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మా అమ్మానాన్నలకూ అదే బాగుందట. సంబంధాలు కూడా చూస్తున్నారు. ఒక ఫ్రెండేమో 'కన్నతండ్రివి, వెళ్లి ఎత్తుకొచ్చెయ్, ఎవడేం చేస్తాడు' అంటాడు. ఇంకొకరు డీఎన్ఏ టెస్టు అడిగితే కేసు ఏళ్ల తరబడి సాగుతుందన్నారు. నాకు పాప కావాలి. పెళ్లి కాని తండ్రికి అసలు హక్కులున్నాయా? డబ్బు ఇవ్వాల్సిందేనా? పాపను చూడాలంటే ఏం చెయ్యాలి?
– పేరు రాయొద్దు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ స్టాంపు కాగితం సంగతి. దానిమీద సంతకం పెట్టకండి. పాప మీద ప్రేమ ఉంది కాబట్టి పెట్టొద్దని నేను చెప్పడం లేదు. ఆ కాగితం మీకు ఎందుకూ పనికిరాదు కాబట్టి చెబుతున్నాను.

పోషణ ఖర్చు పాప హక్కు, తల్లి హక్కు కాదు. తనది కాని హక్కును తల్లి నాలుగు లక్షలకు వదిలేసుకోలేదు. పెద్దమనుషులు పదిమంది సాక్షి సంతకాలు పెట్టినా, నోటరీ చేయించినా అంతే. రేపు నాలుగు లక్షలూ అయిపోయాక, పాపకు ఐదేళ్లు వచ్చి స్కూలు ఫీజులు మొదలయ్యాక, పాప తరఫున తల్లి మనోవర్తి కేసు వేస్తే కోర్టు దాన్ని తీసుకుంటుంది. ఇచ్చిన డబ్బును లెక్కలోకి తీసుకుంటుందేమో గానీ, 'సంబంధం లేదు' అన్న వాక్యాన్ని మాత్రం పక్కన పడేస్తుంది. పైగా ఆ కాగితం మీకే ఎదురు సాక్ష్యమవుతుంది. ఎప్పుడైనా పాపను చూడాలనిపించి మీరే కోర్టు మెట్లెక్కితే, అవతలి లాయరు మొదట తీసి చూపించేది దాన్నే: 'అయ్యా, ఈయన పాపను వదిలించుకోవడానికి సంతకం పెట్టిన మనిషి.'

ఇక అసలు ప్రశ్న. మీరు 'హక్కులున్నాయా' అని ముందు అడిగారు, 'డబ్బు ఇవ్వాల్సిందేనా' అని తర్వాత. చట్టం వరస దీనికి తిరగబడి ఉంటుంది. పెళ్లి కాని తండ్రికి బాధ్యత పాప పుట్టిన రోజునుంచే ఉంది, దానికి షరతుల్లేవు. హక్కు మాత్రం పాప బాగోగుల మీద ఆధారపడి, కోర్టు ద్వారా రావాల్సిందే. మీకిది అన్యాయంగా అనిపించవచ్చు. కనిపెట్టుకుని ఉన్న తల్లి చేతిలో బిడ్డను ఉంచి, కనిపించకుండా పోయే అవకాశమున్న తండ్రినుంచి ఖర్చు రాబట్టాలన్నది ఈ చట్టాలు రాసినవాళ్ల ఆలోచన. మీలా పాప కావాలని ఉత్తరం రాసే తండ్రి వాళ్ల ఊహలో పెద్దగా లేడు. అయినా మీకు దారి లేకపోలేదు.

బాధ్యత గురించి చూద్దాం. మీరు హిందువులనుకుని రాస్తున్నాను. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ప్రకారం, పెళ్లితో పుట్టినా పెళ్లి లేకుండా పుట్టినా మైనరు పిల్లలను తల్లీ తండ్రీ పోషించాల్సిందే. మతంతో పనిలేకుండా అందరికీ వర్తించేది ఇంకొకటి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ నంబరునుబట్టి జనం ఇప్పటికీ '125 కేసు' అనే అంటున్నారు గానీ, 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. నంబరు మారింది, విషయం అదే. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ తండ్రి మనోవర్తి ఇవ్వాలని అందులో విడిగా, స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి 'పెళ్లే కాలేదుగా, మనల్నెవరు అడుగుతారు' అని మీ ఇంట్లో ఎవరైనా అంటుంటే ఆ మాట కోర్టు గుమ్మం దాకా కూడా నడవదు.

ఎంత ఇవ్వాలన్నదానికి పట్టిక ఏమీ లేదు. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటినుంచి ఇరుపక్షాలూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. జీతం స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్ను అన్నీ బయటపడతాయి. కారు లోను ఈఎంఐ పోతోందని, జీతంలో చేతికి ఇంతే మిగులుతోందని చెప్పేవాళ్లు ఎక్కువ. మనం ఇష్టపడి పెట్టుకున్న ఈఎంఐలు పాప పాల డబ్బా కంటే ముందు రావని జడ్జీలు మొహం మీదే అంటారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీనుంచి లెక్కగట్టాలి. అంటే కేసు రెండేళ్లు సాగదీస్తే ఆ రెండేళ్ల బాకీ కూడా మీ నెత్తినే పడుతుంది. ఆర్డరు వచ్చాక కట్టకపోతే వారంటు, నెల బాకీకి నెల వరకు జైలు. జైలుకెళ్లొచ్చినా బాకీ తీరదు, అది అలాగే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేసిన పనికి వస్తాను. పాపను చూపించలేదని డబ్బు ఆపేశారు. ఇది కేబుల్ కనెక్షన్ కాదు, ఛానెల్ రావడం లేదని నెల డబ్బులు ఆపడానికి. ఆమె పాపను చూపించకపోవడం ఒక తగాదా, మీరు పోషణ ఖర్చు పంపకపోవడం ఇంకొకటి. కోర్టులో రెండు వేర్వేరు ఫైళ్లు. 'చూపిస్తేనే ఇస్తాను' అన్న వాట్సాప్ మెసేజ్ మీ ఫోన్లో ఉంటే, అది ఆమె ఫోన్లోనూ ఉందని గుర్తుంచుకోండి. దానికి బదులు ఈ నెలనుంచే మీ జీతానికి తగ్గ మొత్తం పంపడం మొదలుపెట్టండి. నగదుగా ఎవరి చేతికో ఇవ్వకండి. ఆమె బ్యాంకు ఖాతాకే పంపి, వివరం దగ్గర 'పాప ఖర్చులకు' అని రాయండి. ఆపేసిన ఐదు నెలలదీ వీలైతే రెండు మూడు విడతల్లో కట్టేయండి. ఆమె వద్దని తిప్పి పంపితే ఆ రసీదు దాచుకోండి. ఆరు నెలల తర్వాత జడ్జి ముందు మీ తరఫున మాట్లాడేది మీ లాయరు కంటే ఆ స్టేట్‌మెంటే.

హక్కుల సంగతి. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. పెళ్లి చేసుకున్న దంపతుల పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. పెళ్లి లేకుండా పుట్టిన పిల్లలకు అది తిరగబడుతుంది: తల్లి ముందు, ఆమె తర్వాత తండ్రి. అంటే ఈరోజున చట్టప్రకారం మీ పాపకు సహజ సంరక్షకురాలు ఆమే. మీ పేరు వరసలో రెండోది, కానీ ఉంది. ఆమెకు ఏమైనా జరిగితే అమ్మమ్మ తాతయ్యల కంటే, మేనమామల కంటే ముందు మీరే. చాలామందికి ఈ ముక్క తెలియదు. తల్లి పోయాక తాతగారు 'నీకేం సంబంధం' అని గేటు వేస్తే తండ్రి తలొంచుకుని వెనక్కి వచ్చేస్తాడు.

2015 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు గురించి మీకెవరైనా చెప్పే ఉంటారు. పెళ్లి కాని తల్లి సంరక్షకత్వం కోసం పిటిషన్ వేస్తే తండ్రికి నోటీసు పంపనక్కర్లేదని, ఆయన పేరు చెప్పమని ఆమెను బలవంతపెట్టొద్దని ఆ తీర్పు. ఆ కేసులో తండ్రికి బిడ్డ మీద ఆసక్తే లేదు, బిడ్డ ఉన్నట్టు కూడా ఆయనకు తెలియదు. బిడ్డ బాగోగుల్ని పట్టించుకోని తండ్రికి చట్టం పెద్దపీట వెయ్యదన్నది దాని సారం. పేరు రాయించి, డబ్బు పంపి, చూడాలని తిరిగే తండ్రి పరిస్థితి వేరు. మీరు ఏ రకం తండ్రో కోర్టు మీ మాటలు విని తేల్చదు, మీ నడత చూసి తేలుస్తుంది. ఐదు నెలలు డబ్బు ఆపడం అందుకే మీకు నష్టం.

మీ ఫ్రెండు సలహా సంగతి చెప్పనా? తమాషా ఏమిటంటే కిడ్నాప్ సెక్షన్‌లో మీలాంటివాళ్లకు ఒక మినహాయింపు ఉంది. పాత ఐపీసీ 361లో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 137లోకి వచ్చింది. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు తానే తండ్రినని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి, చెడు ఉద్దేశం లేకుండా బిడ్డను తీసుకెళ్తే, సంరక్షకుల నుంచి అపహరించినట్టు కాదు. ఎవరైనా సగం తెలిసిన లాయరు ఇది చూపించి 'వెళ్లి ఎత్తుకురా' అనగలడు. వెళ్లారనుకోండి. వాళ్ల ఇంట్లోకి చొరబడినందుకు ఒక కేసు, తోపులాటలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంకో కేసు. హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేస్తే పోలీసులు మీ ఇంటికొచ్చి పాపను వెనక్కి తీసుకెళ్తారు. ఎనిమిది నెలలుగా మిమ్మల్ని చూడని రెండున్నరేళ్ల పిల్ల మీ చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తుంటే, మినహాయింపు చదివి వినిపించి ఊరుకోబెడతారా? ఆ తర్వాత పాపను చూడనివ్వమని విజిటేషన్ పిటిషన్ వేస్తే 'ఎత్తుకెళ్లిన తండ్రి' అన్న మాట మీ ఫైలుకు శాశ్వతంగా అంటుకుంటుంది.

డీఎన్ఏ సలహా ఇంకా ఘోరం. పాప మీదేనని మీకు తెలుసు, ఆస్పత్రిలో మీరే పేరు రాయించారు. తెలిసి తెలిసి టెస్టు అడగడమంటే తల్లిని పదిమందిలో అవమానించడం, పాప పుట్టుకనే ప్రశ్నించడం. పోనీ వ్యూహమనుకున్నా పనిచేయదు. పితృత్వం మీద నిజమైన వివాదం ఉంటేనే, అదీ వేరే ఆధారాలతో తేలకపోతేనే కోర్టులు టెస్టుకు ఒప్పుకుంటాయి. మాట్లాడితే టెస్టు అనడం కుదరదని 1993లోనే సుప్రీంకోర్టు గౌతమ్ కుందు కేసులో చెప్పింది. తప్పించుకునేవాళ్ల గతి కూడా మన హైదరాబాద్‌కు బాగా తెలిసిన మనిషి విషయంలోనే చూశాం. ఎన్.డి. తివారీ మన రాజ్‌భవన్‌లో గవర్నరుగా ఉండగా, 2008లో ఒక యువకుడు ఆయనే తన తండ్రని ఢిల్లీ హైకోర్టుకెళ్లాడు. రక్తం ఇవ్వనని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2012లో ఇవ్వక తప్పలేదు. ఆ నమూనా పరీక్ష జరిగింది కూడా హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలోనే. తండ్రి ఆయనేనని తేలింది. 86 ఏళ్ల వయసులో దేశమంతటి ముందు ఆ ఫలితం వినాల్సి వచ్చింది. మీ విషయంలో టెస్టు ఉపయోగపడే సందర్భం ఒక్కటే: రేపు వాళ్లు 'పాప నీది కాదు' అని ఎదురు తిరిగితే. అప్పుడు మీరే అడగాలి.

ఇక పాపను చూడ్డం ఎలా? కోర్టుకు ముందు ఒక మెట్టు ఉంది, దాన్ని దాటెయ్యకండి. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కేసు వెయ్యకముందే రెండు పక్షాలనూ పిలిచి మధ్యవర్తి సమక్షంలో మాట్లాడిస్తారు. పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ఎవరి మీసాలూ అడ్డురావు, కుదిరిన ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా (తీర్పుగా) మార్చుకుంటే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. పాప ఉన్న జిల్లా కాబట్టి ఒంగోలుకే దరఖాస్తు పెట్టండి. 15100కి ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్నిస్తారు కాబట్టి ఆమెకు అక్కడ లాయరు దొరుకుతుంది. అది మీకూ మంచిదే. లాయరున్న మనిషితో మాట్లాడటం అన్నదమ్ములున్న మనిషితో మాట్లాడటం కంటే సులువు.

అక్కడ తేలకపోతే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద పిటిషన్. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట జిల్లా కోర్టులో. పాప మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ ఊరి కోర్టే దీన్ని వినాలి. హైదరాబాద్‌లో వేస్తే ఏడాది తర్వాత 'ఇక్కడ కాదు' అని కొట్టేస్తారు. మనోవర్తికి మాత్రం లెక్క వేరు. ఆమె మీరున్నచోట గానీ, మీరిద్దరూ చివరగా కలిసి ఉన్నచోట గానీ వేయొచ్చు. అందువల్ల ఆమె కేసు హైదరాబాద్‌లో, మీ కేసు ఒంగోలులో నడిచే అవకాశముంది. రైలు టికెట్లకు సిద్ధపడండి.

పిటిషన్‌లో కస్టడీ అడగకండి, ఇది నా గట్టి సలహా. రెండున్నరేళ్ల పిల్లను తల్లినుంచి విడదీసే జడ్జి దొరకడు, దొరక్కూడదు కూడా. లాయరు 'ముందు కస్టడీ అడుగుదాం, చివరికి విజిటేషన్ దగ్గర రాజీపడదాం' అంటాడు. బేరాల్లో అలా చెల్లుతుందేమో. ఇక్కడ మాత్రం కస్టడీ అనే మాట చదవగానే తల్లి బెదిరిపోయి తలుపులు ఇంకా గట్టిగా బిగించుకుంటుంది. సూటిగా చూసే అవకాశమే అడగండి. మొదట్లో నెలకు రెండుసార్లు, గంటా రెండు గంటలు, తల్లి గానీ ఆమె నమ్మిన మనిషి గానీ ఉన్నచోట. వారానికోసారి వీడియో కాల్. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని చెబుతూ, కలవడమే కాకుండా ఫోన్లో, వీడియోలో మాట్లాడే వీలు కూడా ఉండాలంది. అది పెళ్లయిన జంట కేసే గానీ, తర్కం బిడ్డవైపునుంచి వచ్చింది కాబట్టి మీ లాయరు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఈ చట్టాలన్నిటిమీదా రాజు ఒక్కటే: మైనరు సంక్షేమం. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ దాన్నే అన్నిటికంటే ముఖ్యమంది. 'నా రక్తం, నా హక్కు' అని రాసిన పిటిషన్ కంటే, 'పాపకు నెబ్యులైజర్ పెట్టేటప్పుడు ఎవరు ఎత్తుకునేవారు, రాత్రి ఎవరు నిద్రపుచ్చేవారు' అని రాసిన పిటిషన్ బాగా పనిచేస్తుంది. ఆ నాలుగేళ్ల ఇంట్లో మీరు చేసిన పనులు గుర్తుచేసుకుని రాయించండి. టీకాల కార్డు మీద మీ సంతకం, ఆస్పత్రి బిల్లులు, ఫొటోలు.

మొదటి కలయిక బాగుండదు, ముందే చెబుతున్నాను. పాప మిమ్మల్ని గుర్తుపట్టదు, అమ్మ కొంగు వదలదు. ఫ్యామిలీ కోర్టు వరండాల్లో పెద్ద బొమ్మ పట్టుకుని వచ్చి, పిల్ల దగ్గరకు రాలేదని అదే బొమ్మతో విసురుగా వెళ్లిపోయే తండ్రులు కనిపిస్తుంటారు. తర్వాతి వాయిదాకు వాళ్లు రారు. మీరు వెళ్లండి.

పేరు విషయం త్వరగా చెప్పేస్తాను. ఆస్పత్రిలో మీ పేరు రాయించామన్నారు, బర్త్ సర్టిఫికెట్‌లోనూ అదే ఉంటే మంచిది. మీసేవలోనో మున్సిపాలిటీలోనో ఒక కాపీ తెచ్చి దగ్గరుంచుకోండి. అందులో పేరుండడం మీ పితృత్వానికి మంచి ఆధారం, అంతేగానీ దానివల్ల పెళ్లయినట్టు కాదు, కస్టడీ వచ్చినట్టూ కాదు. ఇంటిపేరు కోసం మాత్రం గొడవపడకండి. 2022 జులైలో మన తెలుగువాళ్ల కేసులోనే సుప్రీంకోర్టు, భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, సహజ సంరక్షకురాలిగా బిడ్డ ఇంటిపేరు తానే నిర్ణయించుకోవచ్చంది. ఆ దారిలో చూస్తే మీ పాప విషయంలో మొదటి సహజ సంరక్షకురాలు తల్లే కదా.

ఆస్తి దగ్గర చట్టం తీరు నాకే నచ్చదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డ తల్లికి వారసురాలు, తండ్రికి కాదు. మీరు వీలునామా రాయకుండా పోతే పాపకు వాటా రాదు. మీ ఆస్తి దక్కినవాళ్లనుంచి పోషణ ఖర్చు మాత్రం అడగగలదు. అదే, మొదటి భార్య బతికుండగానే గుళ్లో రెండో తాళి కట్టినవాడి పిల్లల సంగతి చూడండి. ఆ పెళ్లి చెల్లకపోయినా హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ వాళ్లను సక్రమ సంతానంగానే చూస్తుంది, తల్లిదండ్రుల ఆస్తిలో హక్కిస్తుంది. 2023 సెప్టెంబరులో రేవణసిద్దప్ప కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, ఉమ్మడి ఆస్తిలో తండ్రి భాగానికి వచ్చే వాటాలో కూడా వాళ్లకు హక్కుందని తేల్చింది. చెల్లని పెళ్లి చేసుకున్నవాడి బిడ్డకు వాటా ఉంది, ఎవరినీ మోసం చెయ్యకుండా కలిసి బతికిన జంట బిడ్డకు లేదు. పార్లమెంటు ఎప్పుడో సరిదిద్దాల్సిన సంగతి ఇది.

అంతవరకు మీ చేతిలో ఉన్నది మీరు చెయ్యండి. స్వార్జితం ఎవరికైనా రాసివ్వొచ్చు, ఉమ్మడి ఆస్తిలో మీ వాటాను కూడా వీలునామాతో ఇవ్వొచ్చు. ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకుంటే తర్వాత మీవాళ్లు 'ఫోర్జరీ' అనకుండా ఉంటారు. బీమా పాలసీలో పాపను నామినీగా పెట్టి, మైనరు కాబట్టి తల్లిని అపాయింటీగా (పాప తరఫున డబ్బు అందుకునే మనిషిగా) చూపండి. పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా సంరక్షకులే తెరవాలి, మీ విషయంలో అది తల్లి. ఏడాదికి 250 రూపాయలనుంచి లక్షన్నర వరకు వెయ్యొచ్చు. ఆమె తెరిస్తే మీరు డబ్బు కట్టండి. పెద్దమనుషులు అడిగిన నాలుగు లక్షలు మీ దగ్గర నిజంగా ఉంటే, సంతకం కోసం కాకుండా ఇలా పాప పేరు మీదకు మళ్లించండి. మధ్యవర్తి ముందు ఈ ప్రతిపాదన పెడితే తల్లి కూడా కాస్త మెత్తబడవచ్చు.

ఉత్తరంలో మీరు రాయని భయం ఒకటుంది అనుకుంటున్నాను. వాళ్లు పాపను ఎవరికైనా ఇచ్చేస్తారేమోనని. చట్టప్రకారం బిడ్డను వదులుకోవాలంటే బాలల సంక్షేమ కమిటీ ముందు సరెండర్ చెయ్యాలి, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. పెళ్లి కాని తల్లి ఒక్కతే సంతకం పెడితే చాలన్నది నిబంధనల తీరు. అయితే 2021లో కేరళ హైకోర్టు, సహజీవనంలో ఉన్న జంటకు పుట్టిన బిడ్డను ఈ విషయంలో పెళ్లయిన దంపతుల బిడ్డగానే చూడాలని, తండ్రిని పక్కనబెట్టి చేసిన సరెండర్ చెల్లదని తీర్పిచ్చింది. అదే ఏడాది తిరువనంతపురంలో తల్లికి తెలియకుండా ఆమె పుట్టింటివాళ్లే బిడ్డను ఇచ్చేస్తే, ఆ బాబు మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక దంపతుల దగ్గరకు చేరాడు. డీఎన్ఏ పరీక్ష చేసి నవంబరులో కన్నవాళ్లకు తిరిగి అప్పగించారు. పెంచుకుంటున్న ఆ దంపతుల బాధ ఏ తీర్పులోనూ లేదు. నిజంగా అనుమానముంటే, నేనే తండ్రిని, పాపను పెంచడానికి సిద్ధం అని ప్రకాశం జిల్లా బాలల సంక్షేమ కమిటీకి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మీరు హిందువు కాకపోతే వారసత్వం, సంరక్షకత్వం లెక్కలు మీ మత చట్టాన్నిబట్టి మారతాయి. మనోవర్తి మారదు.

చివరగా ఆ సంబంధాలు. 'పెళ్లి కాలేదు' అని మీరు అనుకుంటున్నారు. ఓనరుకి భార్యాభర్తలమని చెప్పారు, నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు, ఆస్పత్రిలో తండ్రిగా పేరు రాయించారు. చాలాకాలం భార్యాభర్తల్లా కలిసి బతికినవాళ్లను పెళ్లయినవాళ్లుగానే ఊహించుకోవాలన్నది కోర్టుల పాత పద్ధతి, 2022లో కూడా సుప్రీంకోర్టు ఆ మాటే అంది. అక్కడి జంటలు దశాబ్దాలు కలిసి ఉన్నారు, మీది నాలుగేళ్లే. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదని ఒప్పుకుంటే ఆ ఊహ నిలవదు. కానీ ఆమె లాయరు వాదించకుండా వదలడు, వాదించి నెగ్గితే పాపకు వాటా కూడా వస్తుంది. గృహహింస చట్టం కింద కూడా ఆమె రావచ్చు, పెళ్లిలాంటి బంధానికి అది వర్తిస్తుంది. ఇవి తేలకుండా పెళ్లిచూపులకు కూర్చోవద్దు. తేలాక కూర్చున్నా, పాప సంగతి అమ్మాయికి మీ నోటితో చెప్పండి, మీ మేనత్త ద్వారా కాదు. ముఖ్యమైన విషయం దాచి చేసుకున్న పెళ్లిని రద్దు చెయ్యమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద ఆ అమ్మాయి అడగొచ్చు. నెలనెలా ఒంగోలు ఖాతాకు డబ్బు వెళ్తుంది, నెలకు రెండుసార్లు రైలెక్కుతారు. ఇవి తెలిసి సరేననే అమ్మాయి దొరికేదాకా మీ అమ్మానాన్నలను ఆగమనండి. ఈలోగా పాతకాలపు తేదీ వేసి పెళ్లి సర్టిఫికెట్ సృష్టిద్దామని గానీ, ఎక్కడా పేరు లేకుండా చేద్దామని గానీ ఎవరొచ్చి చెప్పినా వినకండి.

ఆమెతోనే మళ్లీ మాట్లాడి పెళ్లి చేసుకునే అవకాశం గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. గొడవ దేనిగురించో కూడా రాయలేదు. అది మీ ఇద్దరి సంగతి. మధ్యవర్తి దగ్గర కూర్చున్న రోజున ఆమె ఏమంటుందో వినండి.